మలుగు ముందు మన పట్టుదల

చేపకు కొన్ని కనీస బాధ్యతలున్నాయి. గాలానికి పడ్డాక కాసేపు పెనుగులాడాలి, ఆపైన అలసిపోవాలి, గట్టెక్కాక రెండుసార్లు తోక కొట్టి ఊరుకోవాలి, ఫొటోకి పక్కవాటుగా పడుకోవాలి. తక్కిన చేపలన్నీ ఈ మర్యాద పాటిస్తూనే ఉన్నాయి. మలుగు (ఇంగ్లిషువాళ్ల ఈల్) ఒక్కటే ఖాతరు చేయదు. పాముకు తల చూపి, చేపకు తోక చూపి, రెండు పక్కలా లెక్క అప్పజెప్పకుండా బతికేస్తున్న జీవి ఇది. సరదాకి గాలం వేసుకునే పెద్దమనుషుల పరువు ప్రతి రాత్రీ దీని చేతిలో, అసలు చేతులే లేని దాని చేతిలో, పోతుంటే చూస్తూ ఊరుకోవడం భావ్యం కాదు.

దీని మొదటి నేరం మన నీతిశాస్త్రం మీదే. పట్టుకుంటే గట్టిగా పట్టుకోవాలని మనకు చిన్నప్పట్నుంచీ నూరిపోశారు. ఉద్యోగమైనా, వాదనైనా, బస్సులో కిటికీ పక్క సీటైనా ఈ సూత్రం వమ్ము కాలేదు. మలుగు దగ్గర మాత్రం పిడికిలి ఎంత బిగిస్తే అది అంత జోరుగా జారుతుంది. ఇందులో మాయేమీ లేదు. దాని పొలుసులు చిన్నవి, చర్మంలోనే పూడిపోయి ఉంటాయి. పైన దట్టంగా జిగురు. లోపల తలనుంచి తోకదాకా ఒకటే కండ. మనమిచ్చే ఒత్తిడినే అది ఊతం చేసుకుంటుంది. ఈలోగా తోక మణికట్టుకు ఒక చుట్టు చుట్టిందంటే తలను వెనక్కి లాక్కోవడానికి దానికి గుంజ దొరికినట్టే. మలుగు వెనక్కి కూడా చక్కగా ఈదగలదు. ఇచ్చిన మాటమీంచి వెనక్కి జరిగే విద్య మనుషుల్లోనూ చాలామందికి ఉంది గానీ, ఇంత నునుపుగా రాదు. పైగా ఆవేశంలో మనం నొక్కేది సరిగ్గా తల వెనక భాగాన్ని. మొప్పలూ, వాటి వెనకే గుండే ఉండేది అక్కడే. కాబట్టి గట్టిపట్టు పట్టినవాడికి మలుగు దక్కదు, దక్కితే బతకదు.

ఈ అవమానం తట్టుకోలేకే మనవాళ్లు పొడిగుడ్డను ఆశ్రయించారు. గుడ్డ లేకపోతే పాత పేపరు, అదీ లేకపోతే గట్టుమీది ఇసుక. విషాదం ఏమిటంటే ఇవన్నీ పనిచేస్తాయి. పొడిగుడ్డలో మలుగు నిజంగానే ఆగుతుంది. జిగురంతా గుడ్డకు అంటుకుపోతుంది కాబట్టి ఆగుతుంది. ఆ జిగురే దానికి చొక్కా, మందు, కాపలా. తడిగా ఉన్నంతసేపూ ఆ చర్మం గుండా కూడా అది ఊపిరి పీల్చుకుంటుంది. వాన రాత్రుల్లో తడిగడ్డి మీదుగా ఒక నీటినుంచి మరో నీటికి పాక్కుంటూ వెళ్లగలగడం ఆ చర్మం చలవే. ఇసుకలో పొర్లించి, గుడ్డతో తోమి, 'పోరా, బతుకు' అని నీళ్లలోకి విసరడం ఉదారగుణం కిందికి వస్తుందా అని అడిగితే, విసిరినవాడి మనసుకు మాత్రం వస్తుంది. తడిచేతులు, తడిగుడ్డ, తడినేల వాడమనడం మన పట్టుదలకు విరుద్ధమే. ఏం చేస్తాం, మలుగు పక్షాన చట్టం కూడా చేరిపోయింది. ఐరోపా మలుగు 2008 నుంచీ అంతరించే ముప్పు అతితీవ్రంగా ఉన్న జాతుల జాబితాలో ఉంది. ఇంగ్లండులో గాలానికి పడిన మలుగును ప్రాణాలతో నీళ్లలోకి వదిలేయాలన్నది నిబంధన. మీరు కూర్చున్న గట్టుకు ఏ రూలు వర్తిస్తుందో గాలం వేయకముందే చూసుకోండి. పట్టుకున్నాక చూసుకోవడానికి చేతులు ఖాళీ ఉండవు.

మలుగు ముందు ఓడింది మనమొక్కళ్లమే కాదన్నది కాస్త ఊరట. అది బురదలోంచి పుడుతుందని అరిస్టాటిల్ తేల్చేశాడు. 1876లో సిగ్మండ్ ఫ్రాయిడ్ అనే యువ విద్యార్థి ట్రియెస్టె అనే రేవు పట్నంలో కూర్చుని మగ మలుగుల వృషణాల కోసం దాదాపు 400 మలుగులు కోశాడు. తేలీతేలని జవాబుతో లేచిపోయాడు. తర్వాత మనుషుల మనసుల్లో వెతకడం మొదలుపెట్టాడు, అక్కడ జిగురు తక్కువని కాబోలు. యోహానెస్ ష్మిట్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త ఏళ్ల తరబడి అట్లాంటిక్‌ను జల్లెడపట్టి, ఇంకా ఇంకా చిన్న పిల్లలు ఎక్కడ దొరుకుతున్నాయో చూసుకుంటూ పోయి, వీటి పుట్టిల్లు సార్గాసో సముద్రమని 1920ల్లో చెప్పాడు. అయినా అక్కడ అవి గుడ్లు పెడుతుండగా కళ్లారా చూసినవాడు లేడు. సముద్రానికి బయల్దేరే వెండిరంగు మలుగు తిండే మానేస్తుంది, పొట్టలోని పేగు కూడా ముడుచుకుపోతుంది. దానికి ఎర చూపడమంటే ఉపవాసి ముందు మెనూ కార్డు పెట్టడమే. మన గాలానికి పడేది ఇంకా ఆకలి తీరని పసుపురంగుదే.

ఇక ఓపిక సంగతి. గాలం వేసేవాడికి ఓపికే ఆభరణమని లోకం నమ్ముతుంది. మలుగు దగ్గర ఆ ఆభరణం పెట్టుకు కూర్చుంటే అది నేరం. మబ్బుపట్టిన, ఉక్కగా ఉన్న రాత్రి, చీకటి పడ్డాక మొదటి రెండు మూడు గంటల్లో, వేర్లూ రాళ్లూ ఉన్న చోట అడుగున ఎర పెడతారు. దారం ఒకసారి వణుకుతుంది. 'ఇంకాస్త నమలనీ' అనుకుంటాడు ఓపికమంతుడు. మలుగు నమలదు, మింగుతుంది. అర నిమిషం ఓపిక పడితే గాలం గొంతు దాటుతుంది, రెండు నిమిషాలు పడితే పొట్టలో ఉంటుంది. దారం నడవడం మొదలవగానే కర్ర ఎత్తి బిగించాలి. అందుకోసం కర్ర చేతికందే దూరంలోనే ఉండాలి. కర్రకు గంట కట్టి కునుకు తీసేవాళ్లు మలుగుల్ని పట్టడం లేదు, ఇనుము తినిపిస్తున్నారు.

గాలం సైజులోనూ మన పొదుపుబుద్ధి బయటపడుతుంది. నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుందన్నది గుర్తుందిగా. వానపాముకు 10 నంబరు చాలదా అంటారు. చాలు, మింగే మాత్రలాగా. 4 గానీ, చేపముక్క ఎర అయితే 2 గానీ వేస్తే అది నోటి దగ్గరే ఆగే అవకాశం ఎక్కువ. గాలం మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ముల్లును పట్టకారుతో అణిచేయండి. స్టెయిన్‌లెస్ గాలం కొనకండి. ఎంత జాగ్రత్తపడ్డా ఎప్పుడో ఒకటి లోపలే ఉండిపోతుంది, అది తుప్పుపట్టేదై ఉండడం మంచిది. మలుగు పళ్లు చిన్నవే గానీ ఆకురాయిలా వరసలుగా ఉంటాయి, సన్నటి నైలాన్‌ను అరగదీస్తాయి. కాబట్టి గాలం దగ్గరి 40, 50 సెంటీమీటర్లు సన్న తీగ గానీ అర మిల్లీమీటరు నైలాన్ గానీ ఉండాలి, దానికీ అసలు దారానికీ మధ్య స్వివెల్, అంటే దారం మెలిపడకుండా తనంతట తిరిగే చిన్న కీలు, ఉండాలి. స్వివెల్ లేకపోతే ఏమవుతుందో వివరించను. మెలితిరగడం మలుగుకు స్వభావం. అది పది చుట్లు తిరిగాక మీ దారం టెలిఫోను తీగలా ఉంగరాలు తిరిగి ఉంటుంది, దాని నిండా జిగురు. ఆ జిగురు ఆరాక గోరుతో కూడా ఊడదు. పచ్చిగా ఉండగానే పొడి పేపరు మడతలోంచి దారాన్ని లాగేయాలి. పాత పేపరుకు మలుగు వేటలో ఉన్న న్యాయమైన ఉద్యోగం ఇదొక్కటే.

తగిలిన వెంటనే అది చేసే పని వెనక్కి వెళ్లి తోకతో ఏదో ఒక వేరును పట్టుకోవడం. ఆ మొదటి కొన్ని సెకన్లలో దారం సడలనివ్వకూడదు. సడలిస్తే ఇక మీరు లాగేది చెట్టునే. అప్పుడు కూడా మన పట్టుదల ఊరుకోదు, కర్ర విరిగేదాకా లాగమంటుంది. దారం వదులు చేసి నాలుగు నిమిషాలు కూర్చుంటే చాలాసార్లు అదే బయటికొస్తుంది, పట్టుకునేవాడు లేకపోతే దానికీ ఏం తోచదేమో. పైకి వచ్చినదాన్ని గాలిలో వేలాడదీసి ప్రదర్శించకండి. తన ఒంటితోనే ముడి వేసుకుని, ఆ ముడిని ఊతంగా చేసుకుని తల లాక్కుంటుంది. తల నీటి అంచున ఉండగానే కిందినుంచి చేతివల పెట్టి ఒక్క ఊపులో ఎత్తేయాలి. వల కన్నాలు సన్నంగా ఉండాలి. పెద్ద కన్నాల వల మలుగుకు గేటు మాత్రమే. ముందు తోక దూరుతుంది, దాని వెనకే మిగతాది నడుస్తుంది. బకెట్టు సంగతీ అంతే. మూత గట్టిగా లేని బకెట్టులో అంచుకు తోక తగిలించి ఎక్కి దిగిపోతుంది.

చివరికి మిగిలేది మన వర్గానికి అస్సలు మింగుడుపడని ఉపాయం. మధ్యలో పొడుగ్గా పల్లం ఉన్న తడి చాప గానీ, తడిగడ్డిలో చిన్న గాడి గానీ చూసి, మలుగును అందులో వెల్లకిలా పడుకోబెట్టాలి. నొక్కకూడదు. కింద తడిచెయ్యి ఆనించి, పైన తడిగుడ్డ కప్పి, పొట్టమీద నెమ్మదిగా నిమరాలి. ఇంత రుబాబు చేసింది ఎక్కువసార్లు పడుకున్నట్టే ఉండిపోతుంది. అప్పుడు 20 సెంటీమీటర్ల పొడుగు పట్టకారుతో గాలం మెడ పట్టి, వచ్చిన దారినే వెనక్కి తిప్పాలి. గాలం కనబడకపోతే వెతకొద్దు, తవ్వొద్దు. నోట్లోకి వీలైనంత లోపల దారం కోసేయండి. తీగ వేసి ఉంటే కత్తెర చాలదు, కటింగ్ ప్లయర్ కావాలి. అది సాధారణంగా ఇంట్లో ఉంటుంది. కోసి వదిలినవన్నీ బతకవు, అందుకే ఇందాక గాలం నంబరు దగ్గర అంత సేపు నిలబడ్డాం. రక్తం వస్తే ఆ చేత్తో కళ్లు తుడుచుకోకండి, చేతి గాయానికి తగలనివ్వకండి. మలుగు పచ్చి రక్తం విషం, వండితే ఆ గుణం పోతుంది గానీ మీ కన్ను వండుకునేది కాదు.

ఫొటో విషయంలో మాత్రం నేటికీ పరిష్కారం దొరకలేదు. వెల్లకిలా పడుకోబెట్టినప్పుడు మలుగు ఎంత బుద్ధిమంతురాలో చెప్పలేం, కానీ ఫొటోలో తెల్లటి పొట్ట తప్ప ఏమీ పడదు, చూసినవాళ్లు సైకిల్ ట్యూబా అంటారు. తల, వీపు, రంగు అన్నీ కనబడాలంటే బోర్లా తిప్పాలి. తిప్పితే ఫొటో చాలా బాగా వస్తుంది. చాప వస్తుంది, గడ్డి వస్తుంది, మీ రెండు తడిచేతులూ స్పష్టంగా వస్తాయి.