వీణానాదంలో సాంబారు

ఒడిశాలోని బరంపురంలో, పాత బస్టాండు దగ్గర మా చిన్నాన్నది టిఫిన్ హోటలు. ఆరు బల్లలు, కళ్లలో గుచ్చుకునే ట్యూబులైటు, నెత్తి మీద టకటకలాడే ఫ్యాను. అక్కడ అయిదు నిమిషాలు ఎక్కువ కూర్చోవాలని ఎవరికీ అనిపించదు. పట్టుచీరలు కొనడానికి ఇచ్ఛాపురం నుంచి వచ్చినవాళ్లు, మెడికల్ కాలేజీ ఆసుపత్రికి వచ్చినవాళ్లు గబగబా తినేసి బస్సెక్కేస్తారు. చిన్నాన్న లాభమంతా ఆ గబగబాలోనే ఉంది.

ఆయన కొడుకు ప్లస్ టూ. సెలవుల్లో ఊరికే ఉండనివ్వకూడదని బళ్లోవాళ్లు ఆ గుంటడికి ఒక ఆన్‌లైన్ కోర్సు అంటగట్టారు: హోటల్ వాతావరణం, తినేవాళ్ల మనస్తత్వం. సర్టిఫికెట్ రావాలంటే ప్రాజెక్టు చెయ్యాలి. ప్రాజెక్టుకి హోటలు కావాలి. ఇంట్లోనే ఉందాయె.

"జనం సరుకు ఒక్కటే చూడరు నాన్నా, అమ్మే చోటుని కూడా చూస్తారు. 1973లోనే ఫిలిప్ కోట్లర్ అనే మార్కెటింగ్ ప్రొఫెసరు చెప్పాడు."

"ఆయనకి ఎన్ని బ్రాంచీలున్నాయేటి?" అన్నాడు చిన్నాన్న.

గుంటడు అంతటితో వదల్లేదు. 1986లో మిల్లిమన్ అనే అమెరికా ప్రొఫెసరు ఒక రెస్టారెంటులో పరీక్ష చేశాడట. నెమ్మదైన సంగీతం పెడితే జనం సగటున 56 నిమిషాలు కూర్చున్నారు, హుషారైనది పెడితే 45. నెమ్మది పాటకి బిల్లు కూడా పెరిగింది. బిల్లు అన్న మాట చెవిన పడగానే చిన్నాన్న మెత్తబడ్డాడు. నిజానికి అక్కడ తిండి ఖర్చు రెండు రకాల పాటలకీ దాదాపు ఒకటే, పెరిగింది బారులో తాగుడు. ఆ ముక్క వీడియోలో చెప్పే ఉంటారు. మావాడు పాఠాలన్నీ రెండింతల స్పీడులో చూశాడు మరి.

ట్యూబులైటు పోయి పసుపు బల్బులొచ్చాయి. కుర్చీల మీద దిండ్లు, మూలన స్పీకరు, అందులో వీణ.

మర్నాడు పొద్దున్నే రిటైరైన రైల్వే గార్డుగారు వచ్చి ఎప్పట్లాగే ఒక ప్లేటు ఇడ్లీ చెప్పారు. మామూలుగా అయితే ఆఖరి ముక్క నోట్లో ఉండగానే లేస్తారు. ఆ రోజు దిండు సర్దుకున్నారు. "వోల్టేజీ డౌనేటి?" అని అడిగి, సెల్‌ఫోన్ టార్చి వేసి ఇడ్లీని అటూ ఇటూ తిప్పి చూశారు. తృప్తి కలిగాక కళ్లు మూసుకుని, తలాడిస్తూ, గోరంత ముక్క తుంచి సాంబారులో ముంచడం మొదలెట్టారు. ఇడ్లీ కరగదు, సాంబారు ఆగదు. "భాయీ, ఆఉ టికే", అంటే ఇంకొంచెం, అని పక్క బల్ల నుంచి ఇంకో గిన్నె చాచారు. చూస్తుండగా ఆరు బల్లల వాళ్లూ తలాడించడమే. మన టిఫిన్ హోటల్లో బారు ఉండదు, బకెట్టు ఉంటుంది, దానికి బిల్లుండదు. బయట నిలబడ్డవాళ్లు లోపలికి తొంగి చూసి, ఎవరూ లేవకపోతే ఎదుటి బండి దగ్గరికి పోయారు. లోపల దోసెల మాస్టరుకీ వీణ తలకెక్కింది. దోసె తిప్పడానికి తాళం కోసం చూస్తున్నాడు.

"పాట మార్చరా!" అని గల్లా దగ్గర్నుంచి కేక.

మార్చాడు. 1997లో ఇంగ్లండులో ఒక సూపర్‌మార్కెట్టులో ఫ్రెంచి సంగీతం పెడితే ఫ్రెంచి వైన్ ఎక్కువ అమ్ముడైందని ఇంకో పాఠంలో ఉందట. సరే, మన ఊరికి తగ్గట్టు ఒడియా పాటలు పెట్టాడు. పాఠం అక్షరాలా నిజమైంది. వచ్చినవాళ్లు కూర్చోగానే ఒడియావాళ్ల దహీబరా ఆలూదమ్ అడిగారు. మా చిన్నాన్న హోటల్లో అది ఏనాడూ లేదు.

ఆఖరికి తీన్‌మార్ డప్పు పెట్టారు. గార్డుగారు ఉలిక్కిపడి లేచారు, గిన్నె సాంబారు ఆయన లాల్చీ మీదికి లేచింది. దోసెలు పచ్చిగా రావడం మొదలైంది.

ప్రాజెక్టుకి మాత్రం మంచి మార్కులే పడ్డాయి. ఫారంలో అడిగింది కస్టమర్లు ఎంతసేపు కూర్చున్నారనే గానీ ఎంత సాంబారు తాగారని కాదు. సర్టిఫికెట్ గోడకి తగిలించాలని గుంటడు పట్టుబట్టాడు. చిన్నాన్న ఫ్రేము కట్టించి గల్లా వెనకే తగిలించాడు. ట్యూబులైటు వెలుతురులో బాగానే కనబడుతోంది. దాని కింద పెయింటరు చేత తెలుగులోనూ ఒడియాలోనూ రాయించాడు: సాంబారు రెండుసార్లే.