మా ఊరి హైస్కూలును ఒక్క అంకెతో కొలవడం అన్యాయం

మా తమ్ముడి కూతురు ఈ జూన్‌లో ఆరో తరగతిలో చేరాలి. ఆదోని వైపున్న మా పల్లెలో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ఉంది, నేను చదివింది కూడా అక్కడే. అయినా మా తమ్ముడు ఆ పిల్లను రోజూ వ్యానులో ఆదోనికి పంపి ప్రైవేటు స్కూల్లో చదివించాలని నిశ్చయించుకున్నాడు. కారణం అడిగితే, "మన బడిలో పది పాసయ్యేది సగం మందే కదన్నా" అన్నాడు. ఆ సగం మంది ఎవరో, మిగతా సగం ఎందుకు తప్పారో అతను అడగలేదు, ఊళ్లో మరెవరూ అడగగా నేను వినలేదు.

2024 పదో తరగతి ఫలితాల్లో రాష్ట్రం మొత్తం మీద 86.69 శాతం ఉత్తీర్ణులైతే, కర్నూలు జిల్లా 62.47 శాతంతో అన్ని జిల్లాల కన్నా చివర నిలిచింది. ఆ అంకెను నేను కాదనడం లేదు, అది చూసి బాధపడ్డాను కూడా. కానీ ఆ ఏడాది పరీక్ష రాసిన పిల్లలు 2020 మార్చిలో బడులు మూతపడే నాటికి ఆరో తరగతిలో ఉన్నారు. వాళ్ల ఏడో తరగతిలో చాలా భాగం సెల్‌ఫోన్ పాఠాలతోనే గడిచింది, ఆ సెల్‌ఫోన్ కూడా ఎన్నో ఇళ్లలో లేదు. భిన్నాలు, బీజగణితం మొదలు కావలసిన వయసులో పోయిన ఆ నెలలను తర్వాత ఎవరూ పూర్తిగా పూడ్చలేదు.

దానికి తోడు సుగ్గి వలస ఉంది. మా పశ్చిమ ప్రాంతపు మండలాల నుంచి పత్తి, మిరప కోతల కాలంలో కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు వైపు, తెలంగాణకు, కర్ణాటకకు తరలిపోతాయి. పిల్లను చూసుకోవడానికి అవ్వ ఉంటే ఇంట్లో వదిలి వెళ్తారు, లేకపోతే వెంట తీసుకుపోతారు. నెలల తరువాత తిరిగొచ్చి వెనక బెంచీలో కూర్చున్న పిల్లవాడు పరీక్ష తప్పితే దాన్ని ఉపాధ్యాయుడి వైఫల్యంగా లెక్కగట్టడం నా దృష్టిలో సరైన కొలత కాదు. ఇంట్లో కన్నడమో ఉర్దూనో మాట్లాడి, బడిలో తెలుగు నేర్చుకుని, పుస్తకాన్ని ఇంగ్లీషులో చదవవలసిన పిల్లలూ ఇదే తరగతిలో ఉంటారు.

అంటే మా బడి బాగుందని నేను అనడం లేదు. పోయిన నెల ప్రధానోపాధ్యాయుల అనుమతితో రెండు రోజులు అక్కడ కూర్చున్నాను. తొమ్మిదో తరగతి గణితం నోటు పుస్తకాలు తెరిచి చూస్తే చాలావాటిలో లెక్కలు గైడు నుంచి ఎత్తి రాసినవే. ఎర్ర సిరాతో టిక్కు పెట్టి ఉంది గాని, తప్పు ఎక్కడ జరిగిందో రాసి చూపిన పేజీ నాకు దొరకలేదు. ఒక అబ్బాయిని మూడింట రెండు వంతులకు నాలుగో వంతు కలిపితే ఎంత అని అడిగితే పైవి పైవి, కిందివి కిందివి కలిపి ఏడింట మూడు అన్నాడు. ఆ అబ్బాయి తరగతిలో గణితం ఉపాధ్యాయుడి పోస్టు ఏడాదికి పైగా ఖాళీగా ఉంది. ఉపాధ్యాయులను భర్తీ చేసే డీఎస్సీకి 2018 తర్వాత 2024లో నోటిఫికేషన్ వచ్చినా అది రద్దయింది, మళ్లీ 2025లో గాని కొత్తది రాలేదు. నడుమ రిటైరైన వారి కుర్చీలు ఎన్నాళ్లు ఖాళీగా ఉంటాయో, ఆ నష్టం ఏ పిల్లల మీద పడుతుందో మా ఊరి బడిలో కళ్లారా చూశాను.

అదే బడిలో జీవశాస్త్రం చెప్పే టీచరమ్మ పొలం గట్టున మొలిచిన మొక్కలు తెప్పించి, వేళ్లు విడదీసి చూపిస్తూ పాఠం చెప్పారు. సుగ్గి నుంచి వచ్చిన ఇద్దరు పిల్లలను సాయంత్రం అరగంట విడిగా కూర్చోబెట్టుకున్నారు. ఎనిమిదో తరగతి వాళ్లకు ఎన్‌ఎంఎంఎస్ అనే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్ష కోసం ఒక మాస్టారు ఆదివారాలు కూడా వస్తున్నారు. ఆ పరీక్షలో ఎంపికైన బిడ్డకు తొమ్మిది నుంచి ఇంటర్ వరకు ఏటా 12,000 రూపాయలు వస్తాయి. కూలికి పోయే ఇంట్లో ఆడపిల్ల చదువు ఆగకుండా నిలబెట్టే డబ్బు అది. పాస్ శాతంలో ఈ పని ఏదీ కనబడదు.

ప్రైవేటు బడుల వంద శాతం ఫలితాలను కూడా ఇదే నిదానంతో చూడాలి. ఆరులో అరవై మంది చేరి, తొమ్మిదిలో వెనకబడిన వాళ్లకు టీసీలిచ్చి పంపేసి, పదిలో ముప్పై మందే పరీక్ష రాసి అందరూ గట్టెక్కితే, ఫ్లెక్సీ మీద వంద శాతం అనే పడుతుంది. మా బంధువుల అబ్బాయికి ఒక స్కూల్లో సరిగ్గా ఇదే జరిగింది. ఆ టీసీ పట్టుకుని వాడు చేరింది మా ఊరి బడిలోనే, రేపు వాడు పది తప్పితే ఆ లెక్కా ఈ బడి ఖాతాలోనే పడుతుంది. అందుకే నాకు ముందు కావలసిన లెక్క ఆరులో చేరిన వారిలో ఎందరు పది దాకా మిగిలారన్నది. ఇంటి పక్క బడి మంచిచెడ్డలు తెలుసుకోవాలంటే హాజరు పట్టీ, నోటు పుస్తకం, ఖాళీ పోస్టుల సంఖ్య చూసి, వెనక బెంచీ పిల్లవాడితో పది నిమిషాలు మాట్లాడాలి.

మా తమ్ముడు ఇంకా ఒప్పుకోలేదు. వచ్చే సోమవారం ఇద్దరం కలిసి ఆ ఆదోని స్కూలుకు వెళ్లి, తొమ్మిదో తరగతి గణితం నోటు పుస్తకాలు చూపించమని అక్కడా అడగబోతున్నాం.