శిలాఫలకం మీద లేని లెక్క

ఎమ్మెల్యే వస్తున్నారంటే మా వరంగల్ వైపు పల్లెల్లో ముందురోజే తెలిసిపోతుంది. పంచాయతీ కార్యాలయం ముందు గుంతల్లో మొరం పడుతుంది. సిమెంటు ఇంకా ఆరని దిమ్మె మీద శిలాఫలకం నిలబడి, దాని మీద పరదా వేలాడుతుంది. మొన్న నర్సంపేట దారిలోని ఒక ఊళ్లో అలాంటి సభకే వెళ్లాను. నియోజకవర్గానికి ఎన్ని వందల కోట్లు తెచ్చారో ఎమ్మెల్యే పనుల వారీగా చదివి వినిపించారు. సీసీ రోడ్లు, సైడు కాలువలు, పంచాయతీ భవనాలు, హైమాస్టు దీపాలు. చప్పట్లు బాగానే పడ్డాయి.

నా పేచీ ఆ ‘తెచ్చాను’ అన్న మాటతోనే. ప్రభుత్వ సొమ్ముకు ఊరు చేరడానికి చాలా మెట్లున్నాయి. ప్రతిపాదన, పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి, టెండరు, ఒప్పందం, పని, ఎంబీలో (పని కొలతల పుస్తకంలో) నమోదు, బిల్లు, ట్రెజరీలో టోకెన్ (చెల్లింపు కోసం బిల్లుకిచ్చే నంబరు), చివరికి ఖాతాలో జమ. వేదిక మీద వినిపించే కోట్లలో ఎక్కువ భాగం రెండో మెట్టు దగ్గర ఉంటాయి. జీవో చేతికొస్తే చాలు, నిధులు ‘వచ్చేసినట్టే’. పదో మెట్టు సంగతి ఆ సభలో వెనక వరుసలో కూర్చున్న మాజీ సర్పంచికి తెలుసు. ఆయన చేతిలో ఒక పాలిథీన్ కవరు ఉంది. అందులో తన హయాంలో కట్టించిన మురికికాలువ బిల్లు, టోకెన్ నంబర్ల జిరాక్సులు ఉన్నాయి. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టించారట. ఆ కాలువలో నీళ్లు పారుతూనే ఉన్నాయి, వడ్డీ కూడా.

ఆయన పదవీకాలం 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిసింది. కొత్త సర్పంచులు వచ్చింది 2025 డిసెంబరులో, మూడు విడతల ఎన్నికల తరువాత. మధ్యలో దాదాపు 22 నెలలు పంచాయతీలు ప్రత్యేకాధికారుల చేతిలో నడిచాయి. ఎన్నికైన పాలకవర్గం లేదన్న కారణంతో కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఆగాయి. వీధి దీపం బల్బుకూ చెత్త ట్రాక్టరు డీజిలుకూ పంచాయతీ కార్యదర్శులు జేబులోంచి పెట్టుకున్న కాలమది. నిధుల గురించి గంటసేపు సాగిన ప్రసంగంలో ఈ 22 నెలల ప్రస్తావన ఒక్క వాక్యమైనా లేదు.

ఎమ్మెల్యే తనవని చెప్పుకోదగ్గ నిధులు నిజానికి తక్కువే. నియోజకవర్గ అభివృద్ధి నిధిని 2021లో ఏడాదికి మూడు కోట్ల నుంచి ఐదు కోట్లకు పెంచారు. 2024 జనవరిలో నియోజకవర్గానికి పది కోట్ల చొప్పున ప్రత్యేక నిధి ప్రకటించారు గానీ, దాని పెత్తనం ఇన్‌ఛార్జి మంత్రులకు అప్పగించారు. మిగతావన్నీ శాఖల పనులు. వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయం కోసం 253 ఎకరాల సేకరణకు రాష్ట్ర ప్రభుత్వం 205 కోట్లు విడుదల చేస్తే, ఎవరి ఫ్లెక్సీలో వారు దాన్ని తమ ఖాతాలో వేసుకున్నారు. ఆడపిల్ల పెళ్లికి ప్రభుత్వం ఇచ్చే కల్యాణలక్ష్మి సాయం మరీ విచిత్రం. ఆ 1,00,116 రూపాయలు అర్హత ఉన్న ఇంటికి హక్కుగా రావాల్సినవి. నేరుగా ఖాతాలో పడగలిగిన సొమ్ముకు చెక్కెందుకు, ఆ చెక్కుకు సభెందుకు? చెక్కు చెల్లుబాటు మూడు నెలలే. సభ తేదీ కుదరక చెక్కు బీరువాలో పడుంటే, అక్కడ తరిగేది పెళ్లివారి గడువు.

ఇక చట్టాలు. శాసనసభ్యుడి అసలు పని అదే కదా. ఆ సభలో వాటికి దక్కింది రెండు నిమిషాలు. ‘ధరణిని తీసేశాం, భూభారతి తెచ్చాం’ అని సరిపెట్టారు. ధరణి పాత భూరికార్డుల పోర్టల్, భూభారతి దాని స్థానంలో వచ్చిన భూహక్కుల చట్టం. ఎదురుగా ఉన్నవాళ్లలో సగం మందికి కావలసింది ఆ తరువాతి మాట. తెల్లకాగితం మీద కొన్న భూమికి 2020 అక్టోబరు, నవంబరులలో సాదాబైనామా దరఖాస్తు పెట్టుకున్నవారికి ఈ చట్టంలో దారి ఉంది. తహసీల్దారు ఉత్తర్వు నచ్చకపోతే ఆర్డీఓ దగ్గరికి, అక్కడా తేలకపోతే కలెక్టరు దగ్గరికి అప్పీలుకు వెళ్లవచ్చు. ధరణి కాలంలో లాగా ప్రతి తగాదాకూ సివిల్ కోర్టు మెట్లెక్కనవసరం లేదు. ఈ చట్టాన్ని మొదట ప్రయోగించిన నాలుగు మండలాల్లో ఒకటి మన పక్కనే ఉంది. ములుగు జిల్లా వెంకటాపూర్, అంటే రామప్ప గుడి ఉన్న మండలం. అక్కడ ఎన్ని దరఖాస్తులు తేలాయో, ఎన్ని వెనక్కి వెళ్లాయో చెప్పి ఉంటే ఆ రెండు నిమిషాలు ఇరవై అయినా జనం కదిలేవారు కాదు. ఇంతకీ ఆ భూభారతి బిల్లు శాసనసభకు వచ్చింది 2024 డిసెంబరు 18న, ఆమోదం పొందింది 20న. ఏ సెక్షన్ మీద మన ఎమ్మెల్యే నోరు విప్పారో అడిగే హక్కు ఓటరుకుంది. సభా కార్యక్రమాల రికార్డు రహస్యమేమీ కాదు.

చట్టానికి కూడా టోకెన్ దశ ఉంటుంది. ఎస్సీ వర్గీకరణ 2025 మార్చిలో ఆమోదం పొంది ఏప్రిల్ 14 నుంచి అమల్లోకి వచ్చింది. 15 శాతం కోటా ఒకటి, తొమ్మిది, ఐదు శాతాలుగా మూడు గ్రూపులకు చేరింది. అంటే ఖాతాలో జమ అయింది. అదే మార్చిలో ఆమోదించిన బీసీల 42 శాతం రిజర్వేషన్ బిల్లులు ఢిల్లీకి వెళ్లి ఆగాయి. స్థానిక సంస్థల్లో ఆ కోటా కోసం సెప్టెంబరు 26న ఇచ్చిన జీవో 9ని అక్టోబరు 9న హైకోర్టు నిలిపేసింది. పంచాయతీ ఎన్నికలు ఆ కోటా లేకుండానే జరిగిపోయాయి. ఈ రెండింటినీ ఒకే ఊపులో ‘మేం చేసిన చట్టాలు’ అని చదవడం శిలాఫలకం లెక్కే. ‘శాసనసభలో గెలిపించాం, ఫలానా చోట చిక్కుకుంది, ఇప్పుడు ఇది చేస్తున్నాం’ అంటే పరువేమీ పోదు. అలా చెప్పిన నాయకుడిని మన జనం తిట్టిన దాఖలా నాకు గుర్తు లేదు.

సభ ముగిశాక ఆ మాజీ సర్పంచి జనాన్ని తోసుకుంటూ కారు దాకా వెళ్లారు. పీఏ జిరాక్సులు తీసుకుని ఫైల్లో పెట్టుకున్నారు. ‘చూస్తాం పెద్దాయనా’ అన్నారు. తిరిగి వస్తుంటే నేను పలకరించాను. ఇది నాలుగో సెట్టట. ఇంకా రెండు సెట్లు కవర్లోనే ఉన్నాయి.