ప్రిన్సిపాల్ కత్తెర వేరు, ఎడిటర్ పని వేరు

విద్యార్థులు తెచ్చే స్కూల్ వార్తాపత్రికలకు స్వేచ్ఛ ఉండాలా అని అమెరికాలో చర్చ లేస్తే చాలు, ఎవరో ఒకరు హేజిల్‌వుడ్ కేసు తీస్తారు. "చూశారా, సుప్రీంకోర్టే చెప్పింది, పిల్లలకు హద్దులుండాలి" అంటారు. అసలు అక్కడేం జరిగిందో మాత్రం ఎవరూ చెప్పరు.

1983 మే. మిస్సోరిలోని హేజిల్‌వుడ్ ఈస్ట్ హైస్కూల్లో 'స్పెక్ట్రమ్' పేపర్ ప్రూఫులు ప్రిన్సిపాల్ బల్ల మీదకొచ్చాయి. ఒక కథనం గర్భవతులైన విద్యార్థినుల గురించి. పేర్లు మార్చారు గానీ, వివరాలను బట్టి ఎవరో పోల్చుకుంటారని ఆయన భయం. ఇంకొకటి తల్లిదండ్రుల విడాకుల గురించి. అందులో ఓ అమ్మాయి తన పేరుతోనే తండ్రిని తప్పుపట్టింది, ఆ తండ్రిని మాత్రం ఎవరూ అడగలేదు. (పేరు తుది ప్రతిలో తీసేశారు. ఆ సంగతి ఆయనకు తెలీదు!)

అభ్యంతరాలు రెండూ న్యాయమైనవే. డెస్కులో ఎడిటరే పట్టుకోవాల్సినవి. తండ్రికో ఫోన్, ఆనవాళ్లిచ్చే వాక్యాలకు కోత, దాంతో సరిపోయేది. ఆయన మాత్రం టైం లేదని రెండు పేజీలూ మొత్తం లేపేయించారు. టీనేజ్ పెళ్లిళ్లు, ఇల్లొదిలి పారిపోయే పిల్లల మీద రాసినవీ వాటితోపాటే పోయాయి. వాటిమీద తనకే అభ్యంతరమూ లేదని ఆయనే సాక్ష్యం చెప్పారు. ఒకే పేజీలో ఉండటమే వాటి నేరం.

విద్యార్థులు కోర్టుకెక్కితే, 1988లో సుప్రీంకోర్టు 5-3 తేడాతో ఆయన్నే సమర్థించింది. చదువుల పరమైన సహేతుక కారణం ఒకటి చూపిస్తే చాలు, స్కూలు నడిపే పేపర్లో కోత పెట్టొచ్చంది. ఆ సంచిలో ఏ కారణమైనా పడుతుంది.

కాన్సస్ రాష్ట్రం 1992లో చట్టం చేసి తన వరకు దీన్ని తిప్పికొట్టింది. వివాదాస్పదమన్న ఒక్క కారణంతో వార్త ఆపకూడదు, ఏం వేయాలో నిర్ణయించే బాధ్యత విద్యార్థి ఎడిటర్లది. 2017లో ఆ రాష్ట్రంలోనే ఉన్న పిట్స్‌బర్గ్ హైస్కూల్ పేపర్ పిల్లలు కొత్తగా నియమితురాలైన ప్రిన్సిపాల్ డిగ్రీలను తవ్వారు. ఆమె చెప్పిన యూనివర్సిటీకి గుర్తింపే లేదని తేలింది. ఆమెతో మాట్లాడారు, ఆమె జవాబులూ వేశారు. సలహాదారు టీచర్ ఆ నియామక కమిటీలో ఉన్నారు కాబట్టి ఈ కథనానికి దూరంగా ఉన్నారు. కథనం వచ్చిన కొద్ది రోజులకే ఆ ప్రిన్సిపాల్ రాజీనామా చేశారు. ఎడిటర్ బాధ్యత అంటే నా లెక్కలో ఇదీ, పైనుంచి కత్తెర పట్టుకు కూర్చోవడం కాదు.

అమెరికాలో మన తెలుగు పిల్లలు స్కూల్ పేపర్లలో చేరుతుంటారు కాబట్టి తల్లిదండ్రులకో మాట. రిజ్యూమేలో లైన్ కోసమే అనుకోకండి. మీ రాష్ట్రంలో ఇలాంటి చట్టం ఉందో లేదో చూడండి. కాలిఫోర్నియాలో హేజిల్‌వుడ్ తీర్పుకన్నా ముందే ఉంది, న్యూజెర్సీలో 2021లో వచ్చింది. ప్రైవేటు స్కూలైతే వాక్ స్వేచ్ఛ ఇచ్చే అమెరికా రాజ్యాంగం మొదటి సవరణ అక్కడ అక్కరకు రాదు, చాలాచోట్ల స్కూలు హ్యాండ్‌బుక్కే దిక్కు. ఇక పిల్లలకు: పేరు మార్చాక క్లాసు, టీము, ఊరు, తేదీలు కూడా చూడండి. ఆరోపణ ఎవరిమీదుంటే వాళ్లకు ప్రశ్నలు రాతపూర్వకంగా పంపి, గడువిచ్చి, జవాబు రాకపోతే ఆ ముక్కా వేయండి. నోట్సు పారేయకండి. తప్పు దొర్లితే సవరణ మొదటి పేజీలో వేయాలా లోపలా అన్నది ముందే రాసి పెట్టుకోండి, గొడవ మొదలయ్యాక ఆ మాట తేలదు.