బ్యాళ్లు ఉడికేలోపు శ్రీబాగ్ తేలాలి

ఉగాది ఇంకో వారం ఉందనగానే 'పండగ పూట ఇంట్లో రాజకీయాలు వద్దు' అని హితవు చెప్పేవాళ్లు బయల్దేరతారు. కడప జిల్లాలో ఈ హితవు అమలైన ఇల్లు ఎక్కడైనా ఉంటే పురావస్తు శాఖ వెంటనే దాని చుట్టూ కంచె వేయించాలి. 2019లో సీమ నాలుగు ఉమ్మడి జిల్లాల్లోని 52 సీట్లలో 49 వైఎస్సార్ కాంగ్రెస్‌వి. 2024లో అదే పార్టీకి ఇక్కడ మిగిలినవి 7. నడుమ ఐదేళ్లలో మనసు మార్చుకున్నోళ్లు, మార్చుకోనోళ్లు, మార్చుకొని చెప్పనోళ్లు అందరూ బెంగళూరు నుంచో హైదరాబాదు నుంచో బస్సు దిగి మన వసారాలోనే కాళ్లు కడుక్కుంటారు. ఇంతమందిని ఒక కప్పు కింద కూర్చోబెట్టి నోరు మూసుకోమనడం రాజ్యాంగం ఒప్పుకునే పని కాదు.

నిజానికి తగువు వల్ల ఏ పండగా చెడలేదు. తగువులో మాట అందుకోవడానికి పొయ్యి ముందు నుంచి లేచిపోతారు చూడండి, దానివల్ల చెడుతోంది. కాబట్టి నిషేధం మానేసి షెడ్యూలు వేసుకోవాలి. ఏ వాదన ఎంతసేపు సాగుతుందో ఇంట్లో అందరికీ తెలుసు. ఏ వంటకు ఎంతసేపు పడుతుందో జేజికి (నాయనమ్మకు) తెలుసు. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూసే నాథుడు లేకపోవడం వల్లే ఏటా మైదా, బెల్లం, బంధుత్వం నష్టపోతున్నాం.

సుమారు 40 ఓళిగలకు (బొబ్బట్లకు) లెక్క చూద్దాం. కిలో శనగబ్యాళ్లు (శనగపప్పు), కిలో బెల్లం, పది ఏలకులు, అర కిలో మైదా. మైదా పడనివాళ్లకు చిరోటి రవ్వ. ముందు కలపాల్సింది పిండి. చిటికెడు పసుపు, అర చెంచా ఉప్పు వేసి, చపాతీ పిండి కంటే బాగా జారుగా, పళ్లెంలో పెడితే తనంతట తాను పరుచుకునేటట్టు కలపాలి. ఆ మీద 100 నుంచి 150 మిల్లీలీటర్ల నూనె కొంచెం కొంచెంగా పోస్తూ పది నిమిషాలు మర్దించి, మూతపెట్టి కనీసం రెండు గంటలు నానబెట్టాలి. నానని పిండి సాగదు, తట్టేటప్పుడు అంచు చిట్లుతుంది.

రెండు గంటలు నిలిచే వాదన సీమలో ఒక్కటే, శ్రీశైలం నీళ్లు. నిండితే 885 అడుగులు, అక్కడి నుంచి సీమకు నీళ్లు మళ్లించే పోతిరెడ్డిపాడు తూములకు సరిగా అందాలంటే 854 ఉండాలి, కరెంటు కోసం కిందికి వదిలేస్తే మన గతేమిటి, తూములు పెంచింది ఎవరు, కాలవలు తవ్వనిది ఎవరు. ఈ వాదనకు ఒక సుగుణం ఉంది. సైకిలోళ్లూ ఫ్యానోళ్లూ ఇందులో ఒకే పక్కకు చేరిపోతారు, శత్రువు ఇంట్లో ఉండడు. ఖర్మకాలి కృష్ణా జిల్లా అల్లుడు వచ్చి ఉంటే పిండి మర్దించే పని అతనికే అప్పగించాలి. రెండు చేతులూ నూనెలో ఉన్నవాడు ఫోను తీసి రిజర్వాయరు మట్టం చూపించలేడు.

పిండి నానుతుండగానే బ్యాళ్లు గంటసేపు నానబోసి, మూడింతల నీళ్లతో ఎసరు పెట్టాలి. విడి గిన్నెలో అయితే 35 నుంచి 40 నిమిషాలు. దీనికి రాజధాని వాదన కొలిచినట్టు సరిపోతుంది. 1937 నవంబరు 16న మద్రాసులో కోస్తా, సీమ నాయకులు రాసుకున్న శ్రీబాగ్ ఒడంబడికతో మొదలవుతుంది. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధాని అయ్యేసరికి నీళ్లు తెర్లుతాయి, నురగ తీసెయ్యాలి. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు పోయేసరికి బ్యాడ ఉబ్బుతుంది. 2020 మూడు రాజధానుల చట్టం, 2021లో దాన్ని వెనక్కి తీసుకోవడం దాకా వచ్చిందంటే ఒక బ్యాడను రెండు వేళ్ల మధ్య నొక్కి చూడాల్సిన సమయం అయిందన్నమాట. నొక్కితే చిదిమిపోవాలి, గిన్నెలో మాత్రం గింజ గింజగానే కనబడాలి. ఆ తర్వాత కూడా పెద్దనాయన అమరావతిలోకి దిగితే వినిపించుకోకుండా దించెయ్యాలి, బ్యాళ్లు గుజ్జయిపోతాయి. కుక్కరు వాడే ఇళ్లలో ఈ వాదన మొదలే పెట్టొద్దు. మూడు విజిళ్లలో కర్నూలు కూడా రాదు.

ఉడికిన బ్యాళ్లను జల్లెడలో వంచి పావుగంట వదిలెయ్యాలి. పూర్ణం పలచనైందని ఏడ్చేవాళ్లలో చాలామంది ఈ పావుగంట దగ్గరే మోసపోయినవాళ్లు. ఆ వంచిన కట్టు పారబొయ్యకూడదు. చింతపండు, చారు పొడి, రెండు చెంచాల పూర్ణం వేసి తిరగమాత పెడితే మరునాటికి ఓళిగ కంటే దానికే గిరాకీ. ఓడిపోయిన పక్షంలో ఉండి తిండి మీద అలిగినవాళ్లు కూడా కట్టు చారు దగ్గర పొత్తుకు వస్తారు.

ఇక బెల్లం. బ్యాళ్లలో తరిగిన బెల్లం వెయ్యగానే అంతా నీళ్లవుతుంది, అది బెల్లం స్వభావం, కంగారుపడి పిండి కలపొద్దు. సన్న సెగ మీద 15, 20 నిమిషాలు అడుగంటకుండా తిప్పాలి. ఇంట్లో ఎవరి గొంతు పెద్దదో ఆ మామకే గరిటె ఇచ్చి, ఉక్కు ఫ్యాక్టరీ సంగతి ఎత్తాలి. జమ్మలమడుగు పక్కన 2007లో ఒక శంకుస్థాపన, 2018లో ఒకటి, 2019లో ఒకటి, 2023లో ఒకటి. నడుమ ఈ ఫ్యాక్టరీ మాట ఎత్తిన విభజన చట్టం పదమూడో షెడ్యూలు. ఒక్కో రాయికి నాలుగైదు నిమిషాలు తీసుకుంటాడు, ఆవేశం పెరిగేకొద్దీ గరిటె వేగం పెరుగుతుంది. పరిశ్రమల శాఖ వల్ల జిల్లాకు ఇంతకంటే నేరుగా అందిన ప్రయోజనం చూపించడం కష్టం. నాలుగో రాయి పడేసరికి గరిటె నిలువుగా గుచ్చితే పడిపోకుండా నిలబడుతుంది. అప్పుడు దించి, ఏలకుల పొడి చల్లి, గోరువెచ్చగా ఉండగానే రుబ్బాలి. చల్లారనిస్తే గడ్డకట్టి మిక్సీ మొరాయిస్తుంది.

పూర్ణం మెత్తదనం, పిండి మెత్తదనం ఒకటిగా ఉండాలి. ఓళిగ విద్య మొత్తంలో గట్టిగా పట్టుకోవాల్సింది ఇదే. పూర్ణం గట్టిగా, పిండి మెత్తగా ఉంటే తట్టేటప్పుడు పూర్ణం నడుమనే ఉండిపోయి పిండి ఒక్కటే అంచుకు జరుగుతుంది. పిండి గట్టిగా ఉండి పూర్ణం జారిందా, పక్కల నుంచి బయటికొస్తుంది. కూటమి కట్టేవాళ్లు కూడా ఈ సంగతి గమనించాలి గానీ వాళ్లకు పిండి కలిపే ఓపిక ఎక్కడిది.

ఇక్కడే ఏటా ఒక గండం ఉంది. ఉగాది నాటికే కడప ఎండ 40 డిగ్రీల వైపు చూస్తుంటుంది. వంటింట్లో ఫ్యాను తిరిగితే మంట ఒక పక్కకు వాలి పెనం ఒకవైపే కాలుతుంది, పిండి పైన ఆరి పొర కడుతుంది. అందుకని జేజి 'ఆ ఫ్యాను ఆపండ్రా' అంటుంది. హాల్లో చిన్నాయన చెవికి అది ప్రజా తీర్పులా వినబడుతుంది. 'అత్తా, గాజు గ్లాసులో నీళ్లు తేనా?' అని బావ తగులుకుంటాడు. 'సైకిలు పంచరైంది, బాబాయ్‌తో అంగడికి పంపకండి' అని ఇంకో పిల్లోడు. కాబట్టి పండగ మూడు రోజులూ ఆ వస్తువును 'గాలి' అనే పిలవాలని, 'గాలి తగ్గించండి' అనే వాక్యాన్నే వాడాలని మనవి. ఓళిగ తట్టేది చేత్తోనే అయినా ఆ గుర్తు మీద ఎవరూ తగువుకు రారు. 2014 నుంచి మన రాష్ట్రంలో ఆ సౌకర్యం ఉంది.

పెనం ఎక్కాక మాత్రం కట్టుబాటు ఉండాల్సిందే. పోలింగుకు 48 గంటల ముందు ప్రచారం ఆగినట్టు, మొదటి ఓళిగ పెనం మీద పడ్డప్పటి నుంచి ఆఖరిది దిగేదాకా మైకులు బంద్. నిమ్మకాయంత పిండి, దానికి రెండింతలు మించి పూర్ణం, నూనె రాసిన అరటాకు మీదో నూనె ప్యాకెట్టు కవరు మీదో తట్టి, మధ్యస్థం సెగ మీద ఒక్కోటి రెండు నిమిషాల లోపే. ఒక్క పెనం అయితే 40 ఓళిగలకు గంటా పావు. ఆ మధ్యలో తిప్పేవాళ్లు '49 ఎక్కడ, 7 ఎక్కడ' అని హాల్లోకి తల తిప్పితే, చిట్లిన చోట కారిన బెల్లం నల్లగా అంటుకొని, తర్వాతి నాలుగింటికీ ఆ మచ్చ పాకుతుంది. తడి గుడ్డతో పెనం తుడిచి మళ్లీ మొదలుపెట్టాలి. అట్లకాడ నోటా నొక్కినవాళ్ల చేతిలో ఉంటే ఇంటికి క్షేమం. 2013 నుంచి ఆ బటన్ ఉంది, ఆ ఓటరుకు ఒక పని అప్పజెప్పడం మాత్రం ఇదే మొదలు.

అలసంద వడల విషయం పొట్టిది. అలసందలు నాలుగైదు గంటలు నానాక నీళ్లు పూర్తిగా వంపి, చుక్క నీళ్లు లేకుండా బరకగా రుబ్బాలి. ఉప్పు, ఎర్రగడ్డలు (ఉల్లిపాయలు) మాత్రం నూనె కాగాకే కలపాలి. ముందే కలిపి, '151 వచ్చినప్పుడు ఏం చేసినారు', '11 వచ్చినాక ఏం మాట్లాడతారు' అన్న ముచ్చటలో పడ్డారా, ఎర్రగడ్డ నీళ్లు వదిలి పిండి జారిపోతుంది, వడ నూనె తాగుతుంది. ఈ 151, 11 ఫ్యానోళ్లకు 2019లో, 2024లో రాష్ట్రమంతా కలిపి వచ్చిన సీట్లు, రెండూ నిజమే గనక వాదన ఒక వాయికి మించి సాగదు. వాయికి ఒకసారి అనుమతించవచ్చు.

ఉగాది పచ్చడి గురించి ఇక్కడ రాయడం లేదు. ఆరు రుచుల్లో చేదు ఫలానా పార్టీ పాలన అని ప్రతి వేదిక మీదా ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు, వాళ్ల ఉపాధి వాళ్లది. పంచాంగ శ్రవణం టీవీలో పెట్టేవాళ్లు రెండు ఛానళ్లూ పెట్టండి. ఒకే సంవత్సరం, ఒకే గ్రహాలు, ఒక్కో పార్టీ ఆఫీసులో ఒక్కో రాజయోగం. అదే పొద్దున దేవుని కడప గుడి దగ్గర టెంకాయలు పట్టుకొని ముస్లింలు వరసలో నిలబడి ఉంటారు. ఆ వరస ఏ ఛానల్లోనూ ఎక్కువసేపు కనబడదు, అక్కడ అరిచేవాళ్లు లేరు మరి.

ఊరికి తిరిగిపోయేవాళ్లకు ఓళిగలు డబ్బాల్లో సర్దడం చివరి పని. వేడి మీద మూత పెడితే ఆవిరి నీరై ఒకదానికొకటి అతుక్కుంటాయి, మరుసటి రోజుకే వాసన పడతాయి. పళ్లెంలో విడివిడిగా అరగంట ఆరనిచ్చి, నడుమ అరటాకు ముక్కలు పెట్టి సర్దాలి. ఆ అరగంటకు గడప దగ్గర కడప–బెంగళూరు రైలు మార్గం వాదన సిద్ధంగా ఉంది. 2008–09లో మంజూరు, పెండ్లిమర్రి దాకా 21 కిలోమీటర్లు. అక్కడి నుంచి ముందుకు ఎందుకు పోలేదో ఎవరి కారణం వాళ్లు చెప్పుకుంటారు. మాట పెండ్లిమర్రి దాటేసరికి ఓళిగలు చల్లారి ఉంటాయి. మూత బిగించి, వాళ్లను బెంగళూరు బస్సెక్కించండి.