బాబాయి ఆత్మ, అత్త కథ

రిటైరైన మర్నాటి నుంచి మగవాడికి రెండు జబ్బుల్లో ఒకటి ఖాయం. షుగర్, లేదా ఆత్మకథ. మా బాబాయికి షుగర్ ముందే ఉంది.

ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఆయన ఫైలు మీద సూటిగా ఒక్క వాక్యం రాసి ఎరగరు. "పరిశీలించి తగు చర్య నిమిత్తం" అని పక్క టేబుల్‌కి తోసేవారు. ఒక నకలు కాగితం ఇవ్వాలంటే అర్జీ, అర్జీకి స్టాంపు, స్టాంపుకి సంతకం, ఆ పైన టేబుల్ కింద జరగవలసిన కార్యక్రమం. అటువంటి మనిషి మా అత్త కాపురాన్ని, అంటే తన సొంత అప్ప కాపురాన్ని, అర్జీ సంతకం ఏమీ లేకుండా పద్నాలుగు పేజీల్లో ఊరికి పంచేశారు. పుస్తకం 312 పేజీలు. టేబుల్ కింద కార్యక్రమానికి ఒక్క పేజీ లేదు. చోటు చాలలేదేమో.

ఆవిష్కరణ సభ విజయనగరంలో, గంటస్తంభానికి దగ్గర్లో ఒక హాల్లో పెట్టారు. మా ఊళ్లో ఏ సభయినా "గురజాడ నడయాడిన నేల" అనకుండా మొదలవదు. ఆ రోజు నలుగురు వక్తలూ తలోసారి ఆయన్ని నడిపించారు. మొదటి వక్త "రచయిత గుండె కోసి పళ్లెంలో పెట్టారు" అన్నారు. పళ్లెం బాబాయిదే. గుండె మాత్రం ముందు వరసలో కూర్చుని ఉంది. తమ్ముడికి సన్మానమని బొబ్బిలి దగ్గర పల్లె నుంచి బస్సెక్కి వచ్చింది, ఉన్న ఒక్క పట్టుచీరా కట్టుకుని, సంచిలో అరిసెలు పెట్టుకుని. ఆవిడకి చదువు రాదు. పుస్తకంలో తనున్నట్టే తెలీదు.

రెండో వక్త ఆ పద్నాలుగు పేజీలే ఎంచుకున్నారు. మైకు సరిచేసుకుని, గొంతులో తడి తెచ్చుకుని, కామా కనిపించిన చోటల్లా నిట్టూరుస్తూ చదివారు. మొదట అత్త కూడా అందరితో పాటు "అయ్యో" అంది. ఎవరో పాపం, ఆడకూతురు. రెండో పేరాలో ఊరి పేరు వచ్చింది. మూడో పేరాలో ఆవిడ మామగారి పేరు. కాళ్ల దగ్గరున్న అరిసెల సంచిని ఒళ్లోకి లాక్కుని రెండు చేతులా పట్టుకుంది.

ఇంతలో మూడో వక్త "ఈ వీరవనిత మన మధ్యనే ఉన్నారు!" అని కనిపెట్టారు. ఇంకేముంది, సిరిమానెక్కించినట్టు వేదికెక్కించారు. పైడితల్లి పండక్కి సిరిమానెక్కే పూజారికి ఎక్కుతున్నట్టు ముందే తెలుస్తుంది, జనం అరటిపళ్లు విసిరేదీ భక్తితోనే. ఇక్కడ శాలువా పడింది. ఫొటోగ్రాఫరు "అమ్మా, కొంచెం నవ్వాలి" అన్నాడు. నవ్వింది.

ఇంతకీ ఆ పద్నాలుగు పేజీల్లో ఏముంది అని మీకు దురద పుట్టే ఉంటుంది. పుట్టనివ్వండి. నేను చెప్పను.

తర్వాత అడిగితే బాబాయి "గాంధీగారు రాయలేదట్రా భార్య గురించి?" అన్నారు. రాశారు. డర్బన్‌లో కస్తూర్బా చెయ్యి పట్టుకుని గేటు దాకా ఈడ్చుకెళ్లానని, ఆవిడ బతికుండగానే రాశారు. ఆ పేజీలో తల దించుకున్నది రాసినాయనే. మా బాబాయికి 312 పేజీల్లో ఎక్కడా తల వంగలేదు. మెడనొప్పి కాబోలు.

"రాసిందంతా నిజమే కదా?" అని ఇంకో ప్రశ్న. మరణశిక్ష పడ్డ ఆటో శంకర్ జైల్లో రాసుకున్న ఆత్మకథ మీద 1994లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పబ్లిక్ రికార్డులో ఉన్నది అచ్చేసుకోవచ్చు. అది దాటి ఒకరి కుటుంబం, పెళ్లి, మాతృత్వం జోలికి పోవాలంటే వాళ్ల అనుమతి కావాలి, రాసింది నిజమైనా కాకపోయినా, పొగిడినా తెగిడినా. మరి అత్త కాపురం ఏ రికార్డులో ఉంది బాబాయ్?

ఎక్కడుందో నాకు తెలుసు. ఆయనకి ఆపరేషనైనప్పుడు మంచం పక్కన చాపేసుకుని పన్నెండు రాత్రులు ఉన్నది ఆవిడే. కొడుకులకి సెలవు దొరకలేదు. ఉచ్చ డబ్బా ఎత్తిపోసింది కూడా ఆవిడే. ఒక రాత్రి నొప్పికి నిద్రపట్టక "ఏదో ఒకటి చెప్పప్పా" అని ఏడిస్తే, ఆ నొప్పి మరిపించడానికి, కన్నతల్లికి కూడా చెప్పని మాట చెప్పింది. అదీ రికార్డు. దాన్ని అచ్చేసి 250 రూపాయలకి అమ్ముకున్నాడు. అవును, అమ్ముకున్నాడు. గారూ లేదు, బూరే లేదు. కృతజ్ఞతల పేజీలో డాక్టరున్నాడు, ప్రింటరున్నాడు, కవర్ మీద బొమ్మేసిన కుర్రాడున్నాడు. పన్నెండు రాత్రులు నేల మీద పడుకున్న మనిషి లేదు.

మరి నువ్వు రాస్తున్నదేమిటి అంటారు. అనాలి. దీన్ని పంపేముందు బొబ్బిలి బస్సెక్కి వెళ్లి అత్తకి చదివి వినిపించాను. చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ విన్నది. రెండు చోట్ల "అది తీసీ" అంది. తీసేశాను. ఒకటి మాత్రం కలపమంది.

"ఆ సాలవా సలికి మా దూడ మీద కప్పీసినాను. అది రాయి."