ఫర్లర్ మీద కొలువైన జెనోవా గారికి

మహారాజశ్రీ జెనోవా తెరచాప గారి దివ్య సముఖమునకు,

కాకినాడ నుంచి మీ ఖర్చులు భరించేవాడు నమస్కరించి రాయునది. మా పడవ ముందు భాగాన, ఫర్లర్ అనే డ్రమ్ము తాడు లాగితే చుట్టుకునే పెద్ద తెరచాప మీరే కదా, క్షేమమని తలుస్తాను. నా సంగతంటారా, కుడి భుజానికి బామ్ రాసుకుని ఎడమ చేత్తో టైపు చేస్తున్నాను.

మిమ్మల్ని అమ్మినాయన మాటలు మీరూ విన్నారు, సంచీలో పక్కనే ఉన్నారుగా. "ఇక తెరచాపలు మార్చే పనే లేదండి. గాలి పెరిగితే ఈ తాడు లాగండి, కావాల్సినంత చుట్టుకుంటుంది. నూటయాభై శాతం చాప, అంటే తెరచాప కొయ్యకి ముందున్న జాగాకి ఒకటిన్నర రెట్లది, కాస్తా నూరు శాతం అయిపోద్ది. చేతిలో టీ గ్లాసు కూడా కింద పెట్టక్కర్లేదండి!"

మొన్న ఆదివారం హోప్ ఐలాండ్ నుంచి తిరిగొస్తుంటే ఆ టీ గ్లాసు ఎటు పోయిందో మీకు తెలుసు. పులిహోర గిన్నె కూడా దాని వెనకే వెళ్లింది.

పొద్దున పది నాట్ల (గంటకు సుమారు పద్దెనిమిదిన్నర కిలోమీటర్ల) గాలిలో మీరు బంగారమే. మధ్యాహ్నానికి గాలి లేచి ఇరవై నాట్లకు చేరింది. గాలి వేగం రెట్టింపయితే చాప మీద పడే బలం నాలుగింతలవుతుంది. అందుకే మా బావమరిది మర్యాదగా తాడు లాగాడు. మీరూ మర్యాదగానే చుట్టుకున్నారు, మూడో వంతు దాకా. ఆ తర్వాతే మీ అసలు రూపం బయటపడింది.

చిన్న తెరచాప కావాలని అడిగితే మీరు పొట్ట పెంచారండీ. అంచులు తగ్గాయి, నడుమ ఉబ్బింది. మీ పై మూలలోనూ కింది మూలలోనూ గుడ్డ మీద గుడ్డ వేసి మందంగా కుట్టారు కాబట్టి అక్కడ ఒక్కో చుట్టకి ఎక్కువ గుడ్డ లోపలికి పోతుంది. మధ్యలో పల్చన కాబట్టి వదులు మిగిలిపోతుంది. గాలి హెచ్చేకొద్దీ చాప పలకలా బిగిసి ఉండాలి. మీరేమో అప్పుడే సుఖంగా పొట్ట వదులుతారు. దానికి తోడు మీరు వేలాడే వైరు, పడవ ముక్కు నుంచి కొయ్య పైకి బిగించినది, అది కూడా ఆ బలానికి సాగి వంగుతుంది, పొట్ట ఇంకా లోతవుతుంది. ఇక పడవ ముందుకు పోవడం మానేసి పక్కకు ఒరుగుతూ, పక్కకే జారుతుంది. ఎదురుగాలిలో ఊరు చేరాల్సిన మాకు కాకినాడ దగ్గరవడం పోయి కోరంగి మడ అడవుల బురద దగ్గరయింది. చుక్కాని రెండు చేతులా పట్టినా నిలవలేదు. చాప వెనక మూలని లాగి పట్టే షీట్ తాడు కప్పీని ముందుకు జరపాలట, చుట్టిన ప్రతిసారీ. ఆ మాట అమ్మేటప్పుడు ఎవరూ అనలేదు.

పక్కనుంచి వెళ్తున్న, చేపలు పట్టే సోనా బోటు వాళ్లు ఇంజిను నెమ్మది చేసి మరీ చూశారు. "ఏటండీ బాబూ, గాలిని మూట కట్టుకుని ఇంటికి పట్టుకెళ్తున్నారా?" అన్నాడొకతను. మా ఆవిడ నవ్వింది. పులిహోర పోయిన మనిషి నవ్విందంటే ఆలోచించండి.

మిమ్మల్ని పూర్తిగా చుట్టేద్దామంటే తాడు డ్రమ్ములో తన మీద తానే ఎక్కి ఇరుక్కుంది. చుట్టుకోరు, విప్పుకోరు. మీ అంచున కుట్టిన నీలం గుడ్డ ఎండకు మీరు పాడవకుండా కాపాడుతుందట. సంతోషం, మిమ్మల్ని కాపాడే ఏర్పాటుకి లోటు లేదు. మీ డ్రమ్ము ధర సంగతి ఇక్కడ రాయను, ఈ ఉత్తరం ఇంట్లో కూడా చదువుతారు.

1926లో స్వెన్ సాలెన్ అనే స్వీడన్ నావికుడు ఇటలీలోని జెనోవా నగరం పోటీలో మీ పూర్వీకుణ్ణి మొదటిసారి ఎగరేశాడంటారు. కొయ్య దాటి వెనక్కి వెళ్లిన గుడ్డని కొలతలో లెక్కించేవారు కాదు గనక అది పందెంలో లాభం. బాగుంది. ఆ నావికుడు సైతం గాలి ముదిరితే మిమ్మల్ని దింపి చిన్నది కట్టేవాడే తప్ప, నలిపి సగం చేసి వాడేవాడు కాదు. ఒకే గుడ్డ అన్ని గాలులకీ సరిపోతుందని 1839 తుఫానులో కోరంగి రేవు తుడిచిపెట్టుకుపోయిన తీరంలో నిలబడి చెప్పడానికి ఎంత ధైర్యం కావాలి!

పాత పద్ధతి నరకమే, కాదనను. పడవ ముక్కు మీద మోకాళ్లూని, అలలు నెత్తిన పడుతుంటే కొక్కేలు ఒక్కొక్కటే ఊడదీసి, తడిసిన చాపని సంచీలో కుక్కి, వేరేది కట్టాలి. వేళ్లు చీరుకుపోతాయి. కానీ పైకెక్కిన చిన్న జిబ్బు (ముందు కట్టే చిన్న తెరచాప) చిన్నగానే ఉండేది. కోసిందే బల్లపరుపుగా, దళసరి గుడ్డతో. నూటయాభై శాతం చాపగా నటించేది కాదు.

నువ్వు నటిస్తావు. చుట్టుకుంటానంటావు, చుట్టుకోవు. తగ్గుతానంటావు, ఉబ్బుతావు. పైగా నిన్ను నమ్మి పాత జిబ్బులన్నీ ఎవరికో ఇచ్చేశాం. నడుమ గట్టిపడాలంటే నీ ముందంచులో ఫోము పట్టీ కుట్టించాలట, దానికి మళ్లీ డబ్బులు! పొట్ట నీది, ఖర్చు నాది, బురద మా అందరిదీ. సిగ్గుండాలి.

వచ్చే నెల కొయ్యకు ముందు, నీకు వెనక, ఇంకో వైరు బిగిస్తున్నాం. దానికి కొక్కేల చిన్న జిబ్బు. పద్దెనిమిది నాట్లు దాటిందంటే నిన్ను పూర్తిగా చుట్టి, నోరెత్తకుండా రెండు తాళ్లతో కట్టి, దాన్ని ఎగరేస్తాం.

గాలి పది నాట్లకు దిగిన రోజున మాత్రం నిన్నే విప్పుతాం. ఆ గాలిలో నీకు సాటి లేదు, ఒప్పుకుంటాను. ఆ పూటకి మళ్లీ "గారూ" అనే పిలుస్తాను. గాలి పెరిగేదాకా.

ఇట్లు,
మీ ఖర్చులు భరించేవాడు